ఏడో కంబం దగ్గర జాగా

బస్సు సీటు మీద తుండుగుడ్డ పడేసి, ఇది మాది అనే మనుషులంటే నాకు ఒళ్ళు మంట. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. భోపాల్‌పట్నంలో నేను చేసిన పనికి మూలం అదే.

మాది హనుమకొండ. ఇంట్లో కారప్పొడులు కొట్టి అమ్ముతాను. అన్నిటిలోకీ బాలింత కారానికి పేరు. శొంఠి, పిప్పళ్ళు, మోడి, వాము అన్నీ నేనే ఏరి, నేనే వేయించి దంచుతాను. మొన్న ఫిబ్రవరిలో మా వెనక వీధి ఆవిడ, కూతురి పురిటికి పట్టుకెళ్ళిన సీసా తిరిగి తెచ్చి, "వదినా, ఈసారి ఘాటు లేదు" అని గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది. కిరాణా ఆయన్ని నిలదీశాను. ఒకప్పుడు పిప్పళ్ళు అడవి సరుకని, భోపాల్‌పట్నంలో పెంకుల కప్పు కింద సాగే కప్పుబజారు నుంచి వచ్చేవని, ఇప్పుడు సంచుల్లో ఎక్కడివి వస్తున్నాయో తనకే తెలియదని ఆయన నీళ్ళు నమిలాడు. సరే, నేనే వెళ్ళి తెచ్చుకుంటానన్నాను. అంత దూరం ఒక్కదానివేనా అని మా ఆయన అడిగాడు. మీరు కూడా వస్తే ఇద్దరికీ టిఫిన్ నేనే మోయాలి, వద్దన్నాను.

సంత జరిగే రోజు కనుక్కుని, ఉదయం అయిదున్నరకి హనుమకొండలో ఎక్కాను. సగం బస్సు ఖాళీ, కానీ కూర్చోవడానికి సీటు లేదు. ఒకదాని మీద తువ్వాలు, ఒకదాని మీద నీళ్ళ సీసా, ఇంకోదాని మీద ఎవరిదో టోపీ. కిటికీ పక్కన తువ్వాలున్న సీటు చూసుకుని, దాన్ని తీసి పైన పెట్టి కూర్చున్నాను. రెండు నిమిషాలకి ఒకాయన పాన్ నములుతూ వచ్చి, అది తన సీటన్నాడు. తువ్వాలు మీదే, సీటు మాత్రం కూర్చున్నవాళ్ళది అన్నాను. కండక్టర్ నవ్వి ఆయన్ని వెనక్కి పంపించాడు. టికెట్టు చిల్లర సరిగ్గా తెచ్చుకోండి, ఈ దారిలో చిల్లర పుట్టదు.

ములుగు దాటేసరికి బాగా వెలుగొచ్చింది. ఎనిమిదింటికి ఏటూరునాగారంలో పావుగంట ఆపారు. ఇడ్లీ బాగుంది, చట్నీ బాగాలేదు. అక్కడి నుంచి గోదావరి వంతెన దాటుతుంటే నీళ్ళు ఒక పక్కకి ఒదిగిపోయి, మిగతాదంతా ఇసుక. ఆ ఇసుక మీద మనిషి అడుగుల వరస ఒకటి నీళ్ళ దాకా వెళ్ళి ఉంది, తిరిగి వచ్చిన అడుగులు మాత్రం కనిపించలేదు. ఎవరో చేపలకి వెళ్ళి ఉంటారులే అనుకుని కళ్ళు తిప్పుకున్నాను.

తొమ్మిదీ పావుకి వాజేడు. రోడ్డు పక్క కళ్ళాల్లో మిరపకాయలు ఎర్రగా ఎండుతున్నాయి. బస్సులో అందరికీ దగ్గు. ఇది మిరప ఏరే కాలం. బస్తర్ వైపు నుంచి కూలివాళ్ళు గుంపులుగా ఈ తోటలకి వచ్చి, నెలా రెండు నెలలు ఉండి పోతుంటారు. అలాంటివాళ్ళు పదిమంది దాకా ఎక్కారు. అందులో ఒకామె నా పక్క ఖాళీ సీటు దగ్గర నిలబడి, కూర్చోకుండా నా వైపే చూస్తోంది. ముప్ఫై ఏళ్ళుంటాయి. మిరప మంటకి కాబోలు, రెండు చేతుల వేళ్ళకీ తడిగుడ్డ చుట్టుకుంది.

"ఈడ ఎవరన్న ఉన్నరా అక్కా?"

"ఎవరూ లేరు, కూర్చో తల్లీ. కూర్చున్నవాళ్ళదే సీటు" అన్నాను, పొద్దుటి గెలుపు ఇంకా దిగక.

కూర్చుంది. ఎడమ చేతి మీద పచ్చబొట్టు ఉంది. మూడు గీతలు, వాటి కింద ఒక చుక్క. నేను ఊరుకునే మనిషిని కాదు కాబట్టి, ఎక్కడికి వెళ్తున్నానో, ఎందుకు వెళ్తున్నానో అంతా చెప్పాను. పిప్పళ్ళన్న మాట వినగానే నా వైపు తిరిగింది.

"మరి రానోళ్ళ జాగ ఎవరిది అక్కా?" అంది.

నేను బస్సు సంగతే అనుకున్నాను. "రానివాళ్ళకి జాగా ఎందుకు? ఖాళీ చేస్తే ఇంకొకరు కూర్చుంటారు" అన్నాను.

ఆమె తల ఊపింది. నేను పులిహోర పొట్లం విప్పి పెడితే వద్దనలేదు. కానీ తినలేదు, తర్వాత తింటానని కొంగున ముడేసుకుంది. తార్లగూడ వస్తుందనగా లేచి నిలబడి, వంగి నాతో నెమ్మదిగా చెప్పింది. "కప్పుబజార్ల ఉక్కకు తిరగలేవు అక్కా. ఏడో కంబం కాడ జాగ ఉంటది. ఆడ సల్లగుంటది. కూసో. ఎవ్వలు ఏమనరు."

తార్లగూడలో రాష్ట్రం మారుతుంది. బస్సు ఆగింది, చాలామంది దిగారు, ఆమె కూడా వాళ్ళ మధ్య దిగింది. పక్క సీటు మీద చెయ్యి పెడితే తడిగా తగిలింది. వేళ్ళకున్న గుడ్డ నీరు అనుకున్నాను, కొంగుతో తుడిచేశాను.

అక్కడి నుంచి భోపాల్‌పట్నం దాకా టేకు అడవి. ఆకులన్నీ రాలి చెట్లు ఎముకల్లా నిలబడి ఉన్నాయి. బస్సు పోతుంటే ఎండుటాకులు రోడ్డు మీద మా వెంట కొంతదూరం పరిగెత్తి, ఒక్కసారే ఆగిపోతున్నాయి. పదకొండుకి దిగాను. బస్టాండులో అడిగితే హిందీలో ఒకరు, తెలుగులో ఒకరు దారి చెప్పారు. నడిస్తే అయిదు నిమిషాలు.

కప్పుబజారు చూడవలసిందే. పెద్ద టేకు దూలాలు, మనిషి కౌగిలికి అందని కంబాలు, పైన నల్లబడిన గూనపెంకులు. పడవల్లో ఉప్పు ఎగువకి వచ్చి, అడవి సరుకు దిగువకి పోయే కాలంలో కట్టిందట. ఎవరు కట్టించారో, ఎప్పుడో ఎవరూ తిన్నగా చెప్పలేదు. లోపలికి అడుగుపెడితే ముందు చీకటి, తర్వాత వాసన, ఆ తర్వాత తుమ్ములు. మిర్చి కోరు, ఆ ఘాటు దుమ్ము, గాలిలో తిరుగుతూనే ఉంటుంది. చింతపండు, కరక్కాయలు, సారపప్పు, అడవి పసుపు, తేనె, పాలగుండ. అమ్మేవాళ్ళంతా ఆడవాళ్ళే. ఒక్కొక్కరి ముందూ ఒక్కొక్క వెదురు సోల. ఇక్కడ తూకం లేదు, సోలతో కొలవడమే. గోండి, దోర్లీ, హల్బీ, తెలుగు, హిందీ అన్నీ ఒకే బేరంలో వినిపిస్తాయి.

ఒక గంట తిరిగాను. పిప్పళ్ళు నాలుగు చోట్ల చూశాను, నాకు నచ్చలేదు. మోకాళ్ళు పట్టేశాయి. బయట ఎండ మాడుస్తోంది, లోపల నిలబడ్డానికే చోటు లేదు. అప్పుడు ఆమె మాట గుర్తొచ్చింది. కంబాలు లెక్కపెట్టుకుంటూ వెళ్ళాను. ఏడోదాని దగ్గర నిజంగానే ఖాళీ ఉంది. అంత రద్దీలోనూ అక్కడ ఒక చాపంత నేల శుభ్రంగా అలికి ఉంది. జనం దాన్ని తొక్కకుండా చుట్టూ తిరిగి పోతున్నారు. దాని మధ్య ఒక సోల నిలబెట్టి ఉంది, నిండా పిప్పళ్ళు. మనిషి లేదు. చాలాసేపు చూశాను, ఎవరూ రాలేదు. ఇక్కడ కూడా తువ్వాలు వేసే రకమేనా అని నాకు చిర్రెత్తింది. సోలను పక్కకి జరిపి, కంబానికి వీపు ఆనించి కూర్చున్నాను.

చల్లగానే ఉంది. నేలలోంచి వస్తున్నట్టు చల్లదనం. కాళ్ళు చాపుకుని కళ్ళు మూసుకున్నాను.

ముందు నా పక్కవాళ్ళ బేరం ఆగింది. తర్వాత ఎదుటి వరస. ఆ పైన ఎక్కడో చివర గోల కూడా ఒక్కొక్క వరసే తగ్గుతూ వచ్చి ఆగిపోయింది. ఆఖరికి తుమ్ములు కూడా లేవు. కళ్ళు తెరిస్తే బజారంతా నన్నే చూస్తోంది. నా వెనక ఏమైనా ఉందేమోనని తిరిగి చూశాను. కంబం తప్ప ఏమీ లేదు.

ఒకావిడ లేచి వచ్చి చిటికెడు పసుపు నా ముందు నేల మీద పెట్టి, వెనక్కి తిరగకుండా అడుగులు వెనక్కే వేసుకుంటూ పోయింది. ఇంకొకావిడ చింతపండు ముద్ద పెట్టింది. ఇంకొకరు ఉప్పు. పెట్టేవాళ్ళెవరూ నా మొహం చూడటం లేదు. కొనడానికి వచ్చానని రుచి చూపిస్తున్నారు కాబోలు అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతాను గానీ, పసుపు వేలికి రాసుకుని వాసన చూశాను. సోలలోంచి ఒక పిప్పలి తీసి కొరికాను. నాలుక చివర నుంచి చెవుల దాకా మండింది. నేను వెతుకుతున్న ఘాటు అదే. "ఇవీ పిప్పళ్ళంటే! ఇవే కావాలి" అని పైకే అన్నాను. ఒక ముసలావిడ నోట్లో కొంగు కుక్కుకుంది.

కప్పు చివర దుకాణం పెట్టుకున్న ముసలి సేటు ఒకాయన కర్ర పట్టుకుని వచ్చాడు. తాతలనాడు మంథని నుంచి ఉప్పుతో వచ్చిన కుటుంబమట, పేరు శ్రీపతి. నన్ను చూసి, తెలుగావిడనని పోల్చుకుని, గొంతు తగ్గించి అడిగాడు.

"ఎవరి దిక్కు నుంచి తెచ్చినవమ్మా కబురు? ఎప్పుడు పోయింది?"

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఏ కబురండీ, కాళ్ళు నొప్పెట్టి కూర్చున్నానన్నాను. అప్పుడు ఆయన చెప్పాడు. ఈ కప్పు కింద కూర్చునే మనిషి తోటలకో, నది అవతలికో పోయి తిరిగి రాకపోతే, ఆమె సోల నింపి ఆమె జాగాలో నిలబెడతారు. ప్రతి సంతకీ నేల అలుకుతారు, పక్కవాళ్ళు తలా గుప్పెడు వేసి సోల నింపుతారు. ఎన్నేళ్ళయినా అంతే, ఆ మనిషి ఉన్నట్టే లెక్క. చనిపోయిందన్న కబురు తెచ్చినవాళ్ళు దాన్ని నోటితో చెప్పరు. వచ్చి ఆ జాగాలో కూర్చుంటారు. అది చూస్తే అందరికీ తెలిసిపోతుంది.

తెలుగు మాట్లాడే మనిషిని, మిరపతోటల వైపు నుంచి వచ్చిన బస్సు దిగి, తిన్నగా వచ్చి ఆ జాగాలో కూర్చుని, వాళ్ళు పోయిన మనిషికి పెట్టినవి రుచి చూసి మెచ్చుకున్నాను. లేవబోయాను. వద్దని సేటు చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ జాగా మనిషి తల్లిని పిలవడానికి ఒకామె వెళ్ళిందట. ఆమె వచ్చేదాకా లేవకూడదు.

తల్లి పేరు ముత్తమ్మ. దక్షిణం వైపు వరసలో ఇప్పపువ్వు అమ్ముతుంది. సన్నగా, నిటారుగా ఉన్న మనిషి. చేతులు ఇంకా ఇప్పపువ్వు తేనెతో జిగురుగానే ఉన్నాయి. వచ్చి నా ఎదురుగా కూర్చుంది. ఏడవలేదు. కూతురు నాగి నాలుగేళ్ళ కింద గుంపుతో మిరప ఏరడానికి పోయిందని, తిరుగు రోజున అందరూ బండి ఎక్కితే, వెనక బండిలో వస్తానని ఉండిపోయిందని, ఆ వెనక బండిలో రాలేదని సేటే చెప్పాడు. ముత్తమ్మ మూడుసార్లు తోటలన్నీ తిరిగి వచ్చిందట. అందరితో పాటే పోయింది కదా అన్నారట అక్కడివాళ్ళు.

నేను గబగబా మొదలుపెట్టాను. అమ్మా, నేను ఏ కబురూ తేలేదు, నా కాళ్ళనొప్పే నన్ను ఇక్కడ కూర్చోబెట్టింది, బస్సులో ఒకామె చల్లగా ఉంటుందని చెబితే కూర్చున్నాను అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక నాకే వినిపించింది. సోల వైపు చూశాను. అంచు మీద కాల్చిన గుర్తు ఉంది. మూడు గీతలు, కింద ఒక చుక్క. ముత్తమ్మ తన ఎడమ చేతిని నా ముందు పెట్టింది. దాని మీద కూడా అదే గుర్తు.

"ఉంది! నేను చూశాను! పొద్దున నా పక్కనే కూర్చుంది. తార్లగూడలో దిగింది" అన్నాను. బతికున్న మనిషి జాడ చెబుతున్నాను, నా తప్పు కడిగేసుకున్నాననుకున్నాను. బజారంతా ఎగిరి గంతేస్తుందనుకున్నాను. ఒక్కరూ కదల్లేదు.

ముత్తమ్మ నిదానంగా అడిగింది. "ఏమన్న తిన్నదా?"

"పులిహోర ఇచ్చాను."

"తిన్నదా అని అడుగుతున్న."

తినలేదు. కొంగున ముడేసుకుంది. ఆ సంగతి చెప్పాను. నీళ్ళు తాగిందా, నవ్విందా అని కూడా అడిగింది. దేనికీ అవుననలేకపోయాను. ఎండలో దిగిన మనిషి నీడైనా చూశానా అని నాలో నేనే వెతుక్కుంటున్నాను.

అప్పుడు ముత్తమ్మ చెప్పింది. పోయినేడుకి ముందేడు ఒక నర్సమ్మ వచ్చి ఇక్కడే కూర్చుంది. పోయినేడు గొడుగులమ్మే పెద్దమనిషి ఒకడు కూర్చున్నాడు. ఇద్దరినీ బస్సులో ఒకామె పంపింది. ఏడో కంబం, చల్లగా ఉంటది, కూసో. రెండుసార్లూ ముత్తమ్మ ఒప్పుకోలేదు. దారిన పోయేవాళ్ళు తెలియక కూర్చుంటే కబురెట్లా అవుతుందని వాళ్ళని లేపి, మళ్ళీ అలికి, మళ్ళీ సోల నింపింది.

"మూడో పారి అడిగింది. ఇగ జాగ ఇయ్యాలె" అంది.

నాకు కోపం వచ్చింది. భయం వేస్తే నాకు వచ్చేది కోపమే. "బతికున్న బిడ్డని చంపుకుంటావా తల్లీ? తార్లగూడ ఎంత దూరం? లే, నేనూ వస్తాను, ఇద్దరం వెతుకుదాం" అన్నాను. సేటు తల దించుకున్నాడు.

ముత్తమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసింది. "అక్కడ ఇంకో ఇల్లే కట్టుకున్నదో, మట్టిలనే ఉన్నదో నాకు తెల్వదు బిడ్డా. ఏడున్నా, నేను ఎదురుచూసుడు దానికి బరువైతున్నట్టున్నది. ఇడువుమంటంది. గదొక్కటే తెలుస్తంది నాకు" అంది.

రానివాళ్ళకి జాగా ఎందుకు అన్నది నేనే. ఆమె ఆ మాట విన్నాకే నాకు ఏడో కంబం చెప్పింది. ఆ సంగతి ముత్తమ్మకి చెప్పాలని నోరు తెరిచాను. రాలేదు. ఇప్పటికీ నా గొంతులో అడ్డం పడి ఉన్నది అదే.

ముత్తమ్మ నా సంచి తీసుకుని, సోలలో పిప్పళ్ళన్నీ అందులో పోసింది. నాగి తోటలకి పోకముందు ఏరి ఎండబెట్టిన పిప్పళ్ళు కొన్ని ఇంకా అడుగునే ఉన్నాయట. పక్కవాళ్ళు వేసినవన్నీ పైవట. డబ్బు ఇవ్వబోతే చెయ్యి వెనక్కి తీసుకుంది. ఖాళీ సోలను నేల మీద బోర్లించి, వేలి కణుపుతో ఒక్కసారి కొట్టింది. ఆ చప్పుడు కప్పు చివరి దాకా వినిపించింది. ఎక్కడో ఎవరో తుమ్మారు. తర్వాత ఇంకొకరు. బేరాలు ఒక్కొక్కటే మళ్ళీ మొదలయ్యాయి. "ఇప్పుడు లే" అంది నాతో. లేచాను. నేను ఇంకా చీర దులుపుకుంటుండగానే, ఇటుపక్క ఆవిడ తన ధనియాల గంప జానెడు ఇటు జరుపుకుంది.

కప్పు బయటి దాకా ముత్తమ్మ నాతో వచ్చింది. సోల నా చేతిలో పెట్టింది. "మళ్ళ కనబడితే ఇయ్యి. జాగ ఇచ్చేసిన, ఇగ ఎవ్వర్ని పంపకు అని చెప్పు."

"కనబడకపోతే?"

ముత్తమ్మ వెనక్కి వెళ్ళి, తన వరసలో తన ఇప్పపువ్వు ముందు కూర్చుంది. వాకిలి దగ్గర నిలబడి నేను కళ్ళు తుడుచుకున్నాను. మిర్చి కోరు అని ఎవరితోనైనా చెప్పుకోవచ్చు.

మూడున్నరకి తిరుగు బస్సు, పొద్దున వచ్చినదే. బస్టాండు పక్క హోటల్లో అన్నం పెడతారు, పప్పు బాగుంటుందట. నాకు ముద్ద దిగలేదు. పొద్దుటి కిటికీ సీటే దొరికింది. పొద్దున నా పక్కన కూర్చున్న ఆమె గుర్తుందా అని కండక్టర్‌ని అడిగాను. వాజేడులో ఎక్కేవాళ్ళంతా చేతులకి గుడ్డలు కట్టుకునే ఉంటారు, ఎవరని గుర్తు పెట్టుకోనమ్మా అన్నాడు. తార్లగూడలో బస్సు ఆగేసరికి కిందికి దిగాను. టీ బండి ఆవిడని అడిగాను, రోడ్డు పక్క కూర్చున్న గుంపునల్లా చేతులు చూపించమన్నాను. వాళ్ళు నవ్వుతూ చూపించారు. పచ్చబొట్లు చాలా ఉన్నాయి, ఆ గుర్తు లేదు. డ్రైవర్ హారన్ కొట్టాడు. తిరిగి వచ్చి కూర్చుని, సోలను పక్క సీటు మీద నిలబెట్టాను. బోర్లించబుద్ధి కాలేదు.

వెళ్ళేవాళ్ళకి నేను చెప్పగలిగినదంతా చెప్పాను. పిప్పళ్ళు మాత్రం అక్కడివే పిప్పళ్ళు. ఏడో కంబం దగ్గర ఇప్పుడు ఎవరైనా కూర్చోవచ్చు, నిజంగా చల్లగానే ఉంటుంది. మిగిలిన చోట్ల సోల ఒంటరిగా కనిపిస్తే చుట్టూ తిరిగి వెళ్ళండి.

వాజేడులో బస్సు కిక్కిరిసింది. మిరప బస్తాలు, పిల్లలు, ముసలివాళ్ళు. గడ్డం నెరిసిన ఒకాయన వచ్చి, సోల వైపు చూపించి, "ఇది తీస్తే కూర్చుంటనమ్మా" అన్నాడు.

"మనిషి ఉంది" అన్నాను.

ఆయన బస్సంతా చూశాడు. "ఏది?"

"వస్తుంది."

కండక్టర్ నా వైపు వింతగా చూశాడు, పొద్దుటి గొడవ అతనికి గుర్తుండే ఉంటుంది. ఆ పెద్దాయన ఏటూరునాగారం దాకా నిలబడే వచ్చాడు, పాపం. నేను మాత్రం హనుమకొండలో దిగేదాకా ఆ సోల తియ్యలేదు.